డాక్టర్ల పొట్టకు డ్యూటీలే కారణం

సంపాదకులు గారికి,

నమస్కారం. "మమ్మల్ని బరువు తగ్గమంటాడు, ముందు ఆయన్ని తగ్గమనండి" అని ఓపీ బయట బల్లల మీద కూర్చున్నవాళ్లు డాక్టర్ పొట్ట చూసి నవ్వుకోవడం ఈమధ్య మా పాలకొల్లులో తరచూ వింటున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆడవాళ్లలో 36 శాతం, మగవాళ్లలో 31 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. డాక్టర్లేమైనా వేరే లోకంలో భోంచేస్తున్నారా?

ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఆ పొట్టలు ఎలా వస్తాయో కళ్లారా చూశాను. మన డెల్టా పట్టణాల్లో చాలామంది ప్రైవేటు డాక్టర్లకు కింద నర్సింగ్ హోమ్, పైన ఇల్లు. రోజు మొత్తానికి నడక ఆ మెట్లే. లిఫ్టు పెట్టించుకుంటే అదీ లేదు. పొద్దుటి ఓపీ అయ్యేసరికి మూడవుతుంది, సాయంత్రం ఓపీ ముగించి అన్నం తినేసరికి పదకొండు. తెల్లవారుజామున కాలవ గట్టు మీద నడుద్దామని వెళితే అక్కడా ఎవరో ఒకరు షుగర్ రిపోర్టు చేతిలో పెడతారు. పండగ వస్తే పూతరేకులు, కాజాల డబ్బాలు. వద్దంటే నొచ్చుకుంటాం కదా మనం!

పెద్దాసుపత్రుల్లో పీజీల, అంటే పై చదువు చదువుతూ డ్యూటీ చేసే రెసిడెంట్ డాక్టర్ల, పరిస్థితి ఇంకా దారుణం. నైట్ డ్యూటీలో టీ, బిస్కెట్లు, అర్ధరాత్రి దాటాక ఫోన్లో తెప్పించుకున్న బిరియానీ. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుందని, షుగర్ అదుపు తప్పుతుందని వాళ్లు చదువుకున్నదే. రెసిడెంట్లకు మామూలుగా రోజుకు 12 గంటలు మించి ఏకబిగిన డ్యూటీ వెయ్యకూడదని కేంద్ర ప్రభుత్వ 1992 రెసిడెన్సీ పథకం చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దంది. అదే ఎక్కువనుకుంటే, అదైనా అమలు చేయించేవాళ్లు కనపడరు.

నాకు ఎక్కువ భయం వేసేది మరొకటి. డాక్టర్లు ఇంకో డాక్టర్‌కి చూపించుకోరు. బీపీ వాళ్లే చూసుకుంటారు, మందుల కంపెనీ రెప్ ఇచ్చిన శాంపిల్ మాత్ర వాళ్లే వేసుకుంటారు. మా వార్డులో ఒకాయన పేషెంట్ల ఈసీజీలు చూస్తూనే తన ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని రెండు రోజులు తిరిగారు. చివరికి స్టెంటు వెయ్యాల్సి వచ్చింది. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 25 దాటితే మనవాళ్లకు ఊబకాయమేనని, నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ముప్పని మనకు చెప్పేది వాళ్లే. ఆ టేపు వాళ్ల నడుముకి పట్టేదెవరు? పూర్తిగా వాళ్లను వెనకేసుకురావడం లేదు. రెండు వీధుల దూరానికి కారు తీసేవాళ్లూ ఉన్నారు.

వైద్యశాఖ ఏటా డాక్టర్లకు, నర్సులకు తప్పనిసరిగా ఆరోగ్య పరీక్షలు జరిపించాలి, అదీ పనిచేసే ఆసుపత్రిలో కాకుండా వేరేచోట. రాత్రి డ్యూటీవాళ్లకు వేడి భోజనం ఏర్పాటు చెయ్యాలి. డాక్టర్ల సంఘమైన ఐఎంఏ శాఖలు మనకోసం ఉచిత షుగర్ శిబిరాలు పెడుతుంటాయి. సంవత్సరానికి ఒక ఆదివారం తమ సభ్యులకే అలాంటిది పెట్టుకోమని మనవి. ఆ రోజు ఓపీ లేకపోయినా మనం సర్దుకుందాం.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, పాలకొల్లు