ఎర్ర అక్షరాల కవర్లు మానేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది తెనాలి. డాలస్ పక్కన ప్లేనోలో పదకొండేళ్లుగా ఉంటున్నాం. ఉద్యోగం చేసుకుంటూనే పాత ఇళ్లు కొని, బాగుచేయించి అద్దెకిస్తుంటాను. ఇళ్లు నాకు ఎక్కువగా దొరికేది, ఇల్లు అమ్ముతారా అని యజమానులకు పోస్టులో వేసే ఉత్తరాల వల్లే. ఇప్పుడు మన కుర్రాళ్లు కూడా ఈ పనిలోకి దిగుతున్నారు. కొందరు పంపే ఉత్తరాలు చూస్తే బాధేసి ఇది రాస్తున్నాను.

ఇక్కడ ఏ ఇల్లు ఎవరిదో, పన్ను నోటీసు ఏ అడ్రసుకు వెళ్తుందో కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డుల్లో ఎవరైనా చూడొచ్చు. అందులోంచి జాబితా తీసి, వందలమందికి ఒకే ఉత్తరం అచ్చేసి పంపుతున్నారు. కవరు మీద ఎర్ర అక్షరాలతో ‘ఆఖరి నోటీసు’ అని వేసేవాళ్లూ ఉన్నారు. మొన్న జనవరిలో మా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ అలాంటి కవరు పట్టుకుని మా గుమ్మంలోకొచ్చారు. జనవరి 31 ఇక్కడ ఇంటిపన్నుకు గడువు. పన్ను కట్టిన రసీదు కూడా తెచ్చుకున్నారు పాపం, చేతులు వణుకుతున్నాయి. విప్పి చూస్తే, ఇల్లు అమ్ముతారా అని అడగడం తప్ప ఏమీ లేదు.

నేను ముందు వెళ్లి ఇల్లు చూసొస్తాను. ఒక ఇంటి ముందు పెద్ద పెకాన్ చెట్టు, కొమ్మ పైకప్పుకు రాసుకుంటోంది. ఆ సంగతి చేత్తో రాసి, కింద పేరు, ఫోన్ నంబరు పెట్టాను. ‘బాగుచేయించే ఖర్చు నాదే కాబట్టి మార్కెట్ రేటు ఇవ్వలేను, ఇంకొకరిని కూడా అడిగి చూసుకోండి’ అనీ రాశాను. ఏడు నెలలకు ఫోనొచ్చింది. “ఆ చెట్టు మా నాన్న నాటింది” అంటూ మొదలుపెట్టారాయన. ధర మాట చాలాసేపటికి గానీ రాలేదు.

స్టాంపు 2025 జూలైలో 78 సెంట్లకు పెరిగింది. అయినా ఫస్ట్ క్లాస్ పోస్టులోనే వేయండి. అడ్రసు తప్పయితే ఉత్తరం వెనక్కొస్తుంది, జాబితా సరిచేసుకోవచ్చు. ఒకేసారి గుత్తగా చౌకగా పంపే బల్క్ మెయిల్ మామూలుగా తిరిగి రాదు. ఇల్లు కొంటామని అగ్రిమెంటు రాయించుకుని, ఇల్లు కొనకుండా ఆ అగ్రిమెంటునే ఇంకొకరికి అమ్ముకునే ఉద్దేశం ఉంటే, ఆ విషయం యజమానికి రాతపూర్వకంగా చెప్పాలని టెక్సస్ చట్టమే అంటోంది. ఆ ముక్క ఉత్తరంలోనే రాసేయండి.

మీ పత్రిక ఇక్కడి కుర్రాళ్లూ ఫోన్లో చదువుతారు. ఎవరైనా పోయిన ఇంటికి నెల తిరక్కుండా ఉత్తరం వేయొద్దని కూడా వాళ్లను మరీమరీ కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్