గట్ల మీద పూలు

ఒరేయ్ శీనూ,

తేనెటీగలు తగ్గిపోతుంటే నాలుగు తేనెపెట్టెలు పెట్టుకుంటే సరిపోదా అని రాశావు. సరిపోదురా. పెట్టెల్లో పెరిగేవాటిని చూసుకోడానికి మనుషులున్నారు. నా దిగులంతా ఎవరూ పట్టించుకోని అడవి జాతుల గురించే.

ఇంగ్లండులో బంబుల్‌బీలని ఒళ్లంతా నూగున్న బొద్దు ఈగలుంటాయి. చలికాలానికి గూడంతా చచ్చిపోతుంది. కొత్త రాణులు మాత్రం మట్టిలో దాక్కుని, వసంతంలో లేచి ఎవరికి వాళ్లు వేరు కాపురం పెడతాయి. అందుకే పూల మీద ఈగల్ని లెక్కపెట్టి లాభం లేదు, కనిపించిన వందా ఒకే తల్లి పిల్లలు కావచ్చు. ఎన్ని గూళ్లున్నాయో తెలియాలి. అవేమో ఎలుక బొరియల్లోనో గడ్డి దుబ్బుల్లోనో ఉంటాయి, వెతికితే దొరకవు.

అక్కడి పరిశోధకులు ఏం చేశారో చూడు. ఈగని పట్టుకుని, మధ్యకాలి కొస ఇసుమంత కత్తిరించి వదిలేస్తారు. ఆ ముక్కలో డీఎన్ఏ చాలు. తండ్రి ఈగకి క్రోమోజోములు ఒక్క వరసే, కూతుళ్లందరికీ అదే ఇస్తాడు. కాబట్టి అక్కచెల్లెళ్ల జన్యువుల్లో ముప్పావు వంతు ఒకటే. ఎవరిది ఏ గూడో తేలిపోతుంది.

బకింగ్‌హామ్‌షైర్‌లో హిల్స్‌డెన్ పొలాల్లో క్లేర్ కార్వెల్ అనే శాస్త్రవేత్త బృందం ఇలా మూడు జాతుల్లో 1,604 కుటుంబాల్ని గుర్తుపట్టింది. మరుసటి వసంతంలో ఎవరి ఆడపిల్లలు రాణులై కనిపించారో చూసింది. ఆ పరిశోధన 2017లో ‘నేచర్’ అనే సైన్సు పత్రికలో వచ్చింది. గూటికి 250 మీటర్ల నుంచి కిలోమీటరు లోపల పూలు దండిగా ఉంటే వంశం నిలిచే అవకాశం ఎక్కువట. కిలోమీటరేరా! అంటే ఎక్కడో అభయారణ్యం ఉంటే చాలదు, ప్రతి రైతు గట్టూ లెక్కలోకొస్తుంది. నాకు ఎంత ధైర్యమొచ్చిందో.

ఒక్కోసారి జన్యువులు వద్దని కూడా చెబుతాయి. ఇంగ్లండులో ఒక బంబుల్‌బీ జాతి చివరిసారి 1988లో డంజెనెస్ అనే సముద్రతీర ప్రాంతం దగ్గర కనిపించింది. క్లోవర్ అనే పశుగ్రాసం పంట గింజ కట్టాలని 19వ శతాబ్దంలో న్యూజిలాండుకి పంపిన అదే జాతి ఈగల సంతతి అక్కడింకా ఉంది. వాటినే వెనక్కి తెద్దామనుకున్నారు. పరీక్షిస్తే జన్యు వైవిధ్యం మరీ తక్కువ. ఈగల్లో మేనరికం ముదిరితే ఆడది కావాల్సిన గుడ్డు పనికిరాని మగది అవుతుంది. అందుకని 2012లో స్వీడన్ నుంచి రాణుల్ని తెచ్చి వదిలారు. ఆ జాతి నిలదొక్కుకోలేదు గానీ, దానికోసం రైతులు పెంచిన పూల గట్ల మీదికి వేరే అరుదైన బంబుల్‌బీలు వచ్చి చేరాయి.

మీ ఊళ్లో గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారా ఇంకా? ఏమేం పూస్తున్నాయో వివరంగా రాయి.

నీ
రఘు