కోత సంగతి అడగడానికి మొహమాటపడకు

రాజమహేంద్రవరం,
ఆదివారం మధ్యాహ్నం

వాణీ,

నిన్న నీ ఫోను పెట్టేశాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మీ అమ్మాయి శ్రావ్య గుండెలో రంధ్రం ఉందన్న మాటకన్నా, చివర్లో నువ్వు గొంతు తగ్గించి అడిగినదే చెవిలో తిరుగుతూ ఉంది. “మచ్చ పెద్దది పడుతుందా? ప్రాణం మీదికి వచ్చిన వేళ ఇది అడగడం తప్పేమో” అన్నావు. తప్పు కాదు వాణీ. ముప్పై ఏళ్లకు పైగా ఆ మచ్చతో బతుకుతున్న దాన్ని, నా మాట నమ్ము. పక్కన మీ అత్తగారు ఉన్నారని ఫోనులో ఎక్కువ మాట్లాడలేదు. అందుకే ఈ ఉత్తరం.

హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. నా ఛాతీ మీద మచ్చను నువ్వు ఎన్నిసార్లు చూసి ఉంటావో! ఒక్కనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. 1987లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మద్రాసులో ఇదే రంధ్రం మూశారు. గొంతు గుంట కింద నుంచి పొట్ట మొదలయ్యే చోటు దాకా నిలువు కోత. ఛాతీ మధ్య ఎముకను రంపంతో రెండుగా చీల్చి, లోపలి పని అయ్యాక స్టీలు తీగలతో బిగించారు. ఇప్పటికీ ఎక్స్‌రే తీస్తే ఆ తీగల ముడులు వరుసగా తెల్లగా కనిపిస్తాయి. రెండు నెలలు వెల్లకిలా పడుకున్నాను. పక్కకు తిరిగితే ఎముకలో ఏదో కదిలినట్టుండేది. స్కూలు సంచి కూడా తమ్ముడే మోసేవాడు.

గుండె బాగుపడింది. ఆ మాట వెయ్యిసార్లు చెబుతాను. కానీ మూడు నెలలకు మచ్చ ఉబ్బడం మొదలైంది. గీతలా ఉన్నది తాడులా లేచింది, తరువాత కుట్టు హద్దు దాటి పక్కలకు పాకింది. దాన్ని కీలాయిడ్ అంటారని పెద్దయ్యాక తెలిసింది. ఛాతీ మధ్య చర్మానికి ఆ గుణం ఎక్కువట, మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్లకు మరీ ఎక్కువట. ఎండాకాలం చెమట పడితే ఒకటే దురద, గోకితే మంట. అమ్మ టైలరుకు కొలతలిచ్చేటప్పుడు “మెడ ఇంకో అంగుళం పైకి” అనేది. కొన్నేళ్లకు ఆయన అడగడం కూడా మానేసి, నా పేరు వినగానే మెడ పైకి పెట్టి కుట్టేవాడు. పెళ్లిచూపులకు ముందే నాన్న అందరికీ ఆపరేషన్ సంగతి చెప్పేవారు. రెండు సంబంధాలు అక్కడే ఆగిపోయాయి. మా మామగారు మాత్రం “అమ్మాయి మెట్లు ఎక్కగలదా?” అని ఒక్కటే అడిగారు. ఎక్కగలదన్నారు నాన్న. ఆ సాయంత్రమే ముహూర్తం చూడమన్నారాయన.

ఇదంతా నిన్ను బెదిరించడానికి కాదు. ఒంటి మీద మచ్చ గురించి బాధపడే ఆడపిల్లను “ప్రాణం ముఖ్యమా, అందం ముఖ్యమా” అని నోరు మూయిస్తారే, అది నాకు అస్సలు నచ్చదు. నన్నూ అలాగే మూయించారు. శ్రావ్యకు ఆ గతి పట్టకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. తొడ మొదట్లోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, గొడుగులా విచ్చుకునే పరికరంతో మూసేస్తారు కదా, మా పాపకెందుకు కుదరదు అన్నావు. ఆ గొడుగు నిలబడాలంటే రంధ్రం చుట్టూ పట్టు దొరికే అంచు ఉండాలి. శ్రావ్యకు కింది అంచు దాదాపు లేదని నువ్వు పంపిన ఎకో రిపోర్టులోనే ఉంది. బలవంతంగా పెడితే జారిపోతుంది. కనుక ఆపరేషన్ తప్పదు. అది ఏ దారిన అన్నదే మిగిలిన ప్రశ్న.

పోయిన ఏడాది మా పిన్ని కూతురికి హైదరాబాదులో కుడిపక్క చిన్న కోతతో చేశారు. ఎనిమిది రోజులు నేనే పక్కనున్నాను. కుడి రొమ్ము కింది మడతలో ఇంత, నా చూపుడు వేలంత కోత. ఎముక జోలికి పోకుండా పక్కటెముకల సందులోంచి కెమెరా, పొడుగాటి పరికరాలు పంపించి చేశారు. దాని గుండె చుట్టూ ఉండే పొరలోంచే చిన్న ముక్క తీసి రంధ్రానికి అతుకు వేశారట. ఐదో రోజుకు పక్కకు తిరిగి పడుకుంది! అది చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇప్పుడా మచ్చ ఎక్కడుందో చెయ్యి ఎత్తి చూపిస్తే తప్ప కనబడదు.

కానీ వాణీ, ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకో. కోత చిన్నదైనంత మాత్రాన ఆపరేషన్ చిన్నది కాదు. లోపల గుండెను మామూలుగా ఆపుతారు, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ రక్తాన్ని నడపాల్సిందే. ఆ మెషీన్ గొట్టాలు తొడ మొదట్లో పెడతారు కాబట్టి అక్కడా ఒక చిన్న గాటు ఉంటుంది. దీని గురించి మాకు ముందు ఎవరూ చెప్పలేదు, పిల్ల లేవగానే భయపడింది. మెషీన్ మీద ఉండే సమయం కూడా కాస్త ఎక్కువ కావచ్చు. లోపల ఏదైనా అనుకోనిది ఎదురైతే మధ్య ఎముక తెరిచి పూర్తి చేయాల్సి రావచ్చు, దానికి ముందే సంతకం తీసుకుంటారు. నొప్పి ఉండదని ఎవరైనా అంటే నమ్మకు. పక్కటెముకల మధ్య నరం వల్ల మొదటి వారం మా పిన్ని కూతురికి బాగానే నొప్పి పుట్టింది. కోత చుట్టూ తిమ్మిరి నెలల తరబడి ఉంది.

అందుకే డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు, ఈ దారిన మీరు స్వయంగా ఎంతమందికి చేశారు, శ్రావ్య లాంటి రంధ్రానికి చేశారా అని అడుగు. మంచి సర్జన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. చేతికి అలవాటు లేని దారిలో చిన్న కోతకన్నా, అలవాటైన దారిలో పెద్ద కోతే మేలు. ఆయన లోపలి పని చూసి “మధ్య నుంచే చేస్తాను” అంటే, నా మచ్చను తలుచుకుని కూడా నేను సరే అంటాను. అప్పుడు పై చివర కాస్త కిందికి మొదలుపెట్టగలరా అని అడుగు, చాలామందికి వీలవుతుందంటారు.

ఇంకొకటి. శ్రావ్యకు ఇరవై రెండేళ్లు కనుక రొమ్ము కింది కోత ఫరవాలేదు. ఎదగని ఆడపిల్లలకు అక్కడ కోస్తే తరువాత ఆ వైపు పెరుగుదల దెబ్బతినే ప్రమాదం ఉందని, చంక కింద నుంచి చేస్తారట. మీ ఆడపడుచు మనవరాలి విషయం కూడా అడిగావు కాబట్టి చెబుతున్నాను.

శ్రావ్యకు చెప్పు, 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనే డాక్టరు హార్ట్ లంగ్ మెషీన్‌తో విజయవంతంగా చేసిన తొలి గుండె ఆపరేషన్ కూడా ఇలాంటి రంధ్రానికే. ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. ఇరవై ఆరు నిమిషాలు ఆమె గుండె, ఊపిరితిత్తుల పని మొత్తం ఆ మెషీనే చేసింది. ఆ తరువాత ఆమె దశాబ్దాల పాటు బతికింది. మా పిన్ని కూతురికి ఈ కథ చెప్పాకే కొంచెం ధైర్యం వచ్చింది.

గాయం పూర్తిగా మానాక, డాక్టరు సరే అన్నాకే, సిలికాన్ జెల్ పట్టీలు మొదలుపెట్టండి. రోజుకు పన్నెండు గంటలకు తగ్గకుండా, కనీసం రెండు మూడు నెలలు. ఎండ తగలనివ్వకండి. కుట్టు గట్టిపడి, ఎర్రబడి ఉబ్బుతుంటే “అదే తగ్గుతుందిలే” అని కూర్చోకుండా చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్లు. మొదట్లో అయితే స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు బాగా లొంగుతుంది. నేను ఇరవై ఏళ్లు ఆగి వెళ్లాను, దురద తగ్గింది గానీ తాడు అలాగే మిగిలింది. కోసి తీసేస్తామంటే మాత్రం తొందరపడవద్దు, కీలాయిడ్ కోస్తే తరచూ మళ్లీ పెరుగుతుంది. ఏ మచ్చయినా చివరి రూపుకు రావడానికి ఏడాదికి పైగా పడుతుంది, నెలకే చూసుకుని ఏడవవద్దని చెప్పు.

ముందు వైపు బొత్తాలున్న మెత్తటి నూలు నైటీలు నాలుగు కుట్టిస్తున్నాను. చెయ్యి పైకెత్తి వేసుకునే బట్టలు మొదటి రెండు వారాలు వద్దు. ఊపిరితిత్తుల వ్యాయామానికి వాడే మూడు బంతుల పరికరం ఆసుపత్రిలోనే ఇస్తారు, ఇచ్చినప్పటి నుంచే ఊదడం కాదు, పీల్చడం అలవాటు చేయించు.

తేదీ ఖాయం కాగానే చెప్పు, రైలు టిక్కెట్లు తీసుకుంటాను. మీవారు రాత్రిళ్లు ఉండనవసరం లేదు, నేను ఉంటాను. శ్రావ్యకు ఇష్టమైతే నా మచ్చ చూపిస్తాను, దానికి అడగాలనిపించినవన్నీ అడగమను.

నీ
లలిత