నిద్రబిళ్ళ రాసేటప్పుడే ఎప్పుడు ఆపాలో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మాది రాజోలు దగ్గర ఊరండి. నాన్నగారు పోయాక అమ్మకి నిద్ర పట్టట్లేదంటే డాక్టరు గారు ఆల్‌ప్రాజోలం పదిహేను రోజులకి రాశారు, ఆ పదిహేను రోజులు కాస్తా నాలుగేళ్ళయిపోయాయి. చీటీ మళ్ళీ ఎవరూ అడగలేదు. మెడికల్ షాపులో కత్తెరతో స్ట్రిప్ ముక్క కోసి కాయితం కవర్లో వేసిచ్చేవారు, పేరూ ఎర్రగీతల హెచ్చరికా ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయేది. మా ఇంట్లో దాని పేరు చిన్నబిళ్ళ, అంతే.

ఓ రాత్రి బాత్రూంకని లేచి తూలి గడప మీద పడింది, తుంటి ఎముక విరిగింది. రాజమండ్రి తీసుకెళ్తే ఏం మందులు వాడతారని అడిగారు, బీపీ షుగర్ బిళ్ళలు చెప్పాం, చిన్నబిళ్ళ కూడా మందేనని మాకు తోచనే లేదు. ఆపరేషన్ అయిన మూడో రోజు చేతులు వణుకు, ఒళ్ళంతా చెమటలు, గోడ దగ్గర నాన్నగారు నిలబడ్డారని ఒకటే కేకలు. మత్తు దిగలేదేమో అనుకుంటుంటే ఒక నర్సమ్మ గారు ఇంట్లో మందుల డబ్బా తెప్పించమన్నారు, అప్పుడు బయటపడిందండి. ఏళ్ళ తరబడి వేసుకున్న బిళ్ళ ఒక్కసారి ఆపేస్తే ఇలాగే అవుతుందంట, ఫిట్స్ కూడా రావచ్చంట.

అన్నయ్య ఆ డబ్బా గోదాట్లో పారేస్తానన్నాడు, డాక్టరు గారు వద్దని మళ్ళీ మొదలెట్టి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు, అయిదు నెలలు పట్టింది. పెద్దవాళ్ళ ఒంట్లోంచి ఈ మందు మెల్లిగా పోతుంది, అందుకే తూలడం, మతిమరుపు, పడిపోవడం వాళ్ళకే ఎక్కువ. అమ్మ మతిమరుపుకి వయసుని తిట్టుకున్నాం మేము.

ఈ మందులు చెడ్డవని నేననట్లేదండి. ఫిట్స్ వచ్చినవాళ్ళకి, ఆపరేషన్ ముందు, తాగుడు మాన్పించేటప్పుడు ఇవే ప్రాణం నిలబెడతాయి. కానీ సారా, బ్రాందీ లాంటివి తాగిన రోజున వేసుకుంటేనో, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి బిళ్ళలతో కలిపితేనో ఊపిరే ఆగిపోవచ్చు. మా ఊళ్ళో కొబ్బరి దింపు తీసే కుర్రాళ్ళు జలుబుకి సెట్రిజిన్ వేసుకుని చెట్టెక్కేస్తుంటారు, అది కూడా మగత తెచ్చేదేనని వాళ్ళకి ఎవరు చెప్పారండి? చెరువుల కాపలాకెళ్ళి తెల్లారి కాలవగట్టు మీద బండి తోలుకొచ్చేవాళ్ళ సంగతీ అంతే.

ఆల్‌ప్రాజోలం, దాని జాతిదే అయిన డయాజెపామ్ రెండూ షెడ్యూల్ హెచ్1లో, అంటే గట్టి నిఘాతో అమ్మాల్సిన మందుల ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి, 2014 మార్చి 1 నుంచి ఆ రూల్ అమల్లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, డాక్టరు పేరు, పేషెంట్ పేరు, ఎన్ని బిళ్ళలు ఇచ్చారో విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. నాలుగేళ్ళలో మా అమ్మ పేరు ఏ రిజిస్టర్లోనైనా ఎక్కిందా అన్నదే నా ప్రశ్న. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మా పల్లెల షాపుల్లో కూడా ఆ రిజిస్టర్లు తెరిపించి చూడాలి. డాక్టర్లకి ఒక్క మనవి, ఈ బిళ్ళ రాసిన చీటీ మీదే ఏ తారీకుకి ఆపాలో, ఎలా తగ్గించాలో తెలుగులో రెండు ముక్కలు రాయండి, మా అమ్మకి చదువొచ్చండి, ఉంటే చదివేది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజోలు మండలం, కోనసీమ