నాలుగు నిమిషాలకు నడుము తగ్గదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో 'రోజుకు నాలుగు నిమిషాలు చాలు.. కొవ్వు మాయం' అనే శీర్షిక చూశాను. రాసినవారి మీద నాకు కోపమేమీ లేదు. కానీ అలాంటి మాటే ఇంకోచోట నమ్మి నిరుడు నేను మూడు వారాలు మంచం దిగలేకపోయాను. ఆషాఢం కదా, పెళ్లిళ్లు లేవు, చేతిలో పని తక్కువ. అందుకే ఈ ఉత్తరం రాయడానికి తీరిక దొరికింది.

నేను మంగళగిరిలో లేడీస్ టైలర్‌ని. వయసు 43. ఇరవై ఏళ్లుగా మా ఇంటి ముందుగదిలోనే మిషన్ వేసుకుని కుడుతున్నాను. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేవడం, మళ్లీ రాత్రి తొమ్మిది దాకా అదే కుర్చీ. సీజన్లో పదకొండు కూడా అవుతుంది. మా వీధి ఆడవాళ్ల నడుముల సంగతి వాళ్ల డాక్టర్ల కంటే నాకే బాగా తెలుసు. పేరు, కొలత, తేదీ అన్నీ పుస్తకంలో రాసుకుంటాను కదా! పెళ్లికి 28 ఇంచులున్న పిల్ల రెండో కాన్పు అయ్యాక 36తో వచ్చి, "అక్కా, లోపల క్లాత్ వదిలావుగా, కుట్టు విప్పి కాస్త లూజు చెయ్యవా" అంటుంది. అలా అడుగుతారని ముందే తెలిసి ఏ జాకెట్టుకైనా పక్కల మార్జిన్ ఎక్కువే వదులుతాను.

ఊరందరి కొలతలూ రాసుకున్నదాన్ని నా కొలత మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. నిరుడు ఆగస్టులో మా అమ్మాయి పట్టుబట్టి టేపు చుట్టింది. 38 ఇంచులు. బరువు 74 కిలోలు. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. అమ్మాయి విజయవాడలో ఫిజియోథెరపీ రెండో ఏడాది చదువుతోంది. మన దేశంలో ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్తపడాలంటారని చెప్పింది. 80 అంటే ముప్పై ఒకటిన్నర ఇంచులు. నేను ఆ గీతకు ఆరున్నర ఇంచులు అవతల ఉన్నాను.

అప్పుడే ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. 21 రోజుల ఛాలెంజ్, రోజుకు కొద్ది నిమిషాలు, ఎనిమిది కిలోలు గ్యారంటీ, 1,499 రూపాయలు. కట్టేశాను. అమ్మాయికి చెప్పలేదు, తిడుతుందని. వీడియోలో ఆ పిల్ల గాల్లోకి ఎగురుతుంటే నేనూ ఎగిరాను, ఇంట్లో టైల్స్ మీద, చెప్పుల్లేకుండా. ఆరో రోజు కుడి మోకాలు పూరీలా పొంగింది. మిషన్ పెడల్ తొక్కేది ఆ కాలితోనే. ఎముకల డాక్టర్ మోకాలి కంటే ముందు బీపీ చూశారు. 150/96. "ఈ బీపీతో ఎగురుతున్నావా అమ్మా?" అన్నారు. మూడు వారాలు పని లేదు. ఒప్పుకున్న జాకెట్లు పక్కవీధి టైలర్‌కి ఇచ్చుకోవాల్సి వచ్చింది. మనిషి మంచిదే గానీ చంక దగ్గర ముడత రాకుండా కుట్టడం ఆమెకు ఇప్పటికీ రాదు.

మంచంలో ఉండగా అమ్మాయి నాకు ఈ నాలుగు నిమిషాల కథ పుట్టుక చెప్పింది. మీ వ్యాసంలో అది లేదు కాబట్టి రాస్తున్నాను. జపాన్‌లో ఇజుమి తబాటా అనే ఆయన 1996లో ఒక పరిశోధన ప్రచురించారు. 20 సెకన్లు ఊపిరాడనంత వేగంగా సైకిల్ తొక్కడం, 10 సెకన్లు ఆగడం, అలా ఏడెనిమిది సార్లు. అక్కడి స్పీడ్ స్కేటింగ్ జట్టు శిక్షకుడు తన ఆటగాళ్లతో చేయిస్తున్న పద్ధతిని ఆయన పరీక్షించి చూశారు. పాల్గొన్నది ఆటల్లో ఆరితేరిన కుర్రాళ్లు. తొక్కింది కదలకుండా నిలిచి ఉండే సైకిల్. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. ఆయన చూసింది వాళ్ల ఒంటికి ఆక్సిజన్ వాడుకునే శక్తి ఎంత పెరిగిందన్నది, కొవ్వెంత కరిగిందన్నది కాదు. శక్తి బాగానే పెరిగింది. అది ఇల్లు దాటి, సముద్రం దాటి మన ఫోన్లలోకి వచ్చేసరికి నలభై దాటిన టైలరమ్మ పొట్ట కరిగించే మంత్రమైపోయింది.

అలాగని ఇలా ఆగి ఆగి గట్టిగా చేసే వ్యాయామం వట్టిదని నేననడం లేదు. ఇప్పుడు నేను చేస్తున్నది అదే. దాన్నీ చురుకైన నడకనూ పోల్చి చూసిన పరిశోధనల్లో కొవ్వు తగ్గడంలో రెండూ ఇంచుమించు ఒకటేనని తేలిందట. తేడా అల్లా టైమే. నాలాంటి దానికి రోజూ గంట నడక కుదరదు, ఇరవై నిమిషాలైతే కుదురుతుంది. నాకు అంతే చాలు.

బీపీ మందు మొదలుపెట్టి, డాక్టర్ సరే అన్నాక సెప్టెంబరు చివర్లో మళ్లీ మొదలుపెట్టాను. వారానికి మూడు రోజులే. రెండు రోజులు ఇంట్లో: ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కేదాకా అటూ ఇటూ నడక, తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా గబగబా లేచి కూర్చోవడం అరనిమిషం, విశ్రాంతి నిమిషంన్నర. తర్వాత గోడకు చేతులు పెట్టి తోయడం. తర్వాత ఉన్నచోటే మోకాళ్లు పైకెత్తుతూ కవాతు. ఇలా ఆరు విడతలు. ఎగరడం లేదు. ఆ అరనిమిషంలో పక్కనున్నవాళ్లు పలకరిస్తే రెండు మాటల కంటే జవాబు చెప్పలేకపోవాలి, గట్టిగా చేయడమంటే అదే అంటుంది అమ్మాయి. తొలివారం నాకు మూడో విడతకే కళ్లు తిరిగాయి. అక్కడే ఆపేశాను.

మూడో రోజు ఆదివారం, కొండ. మా పానకాల స్వామి మెట్లు. చీకటితో వెళితే రద్దీ ఉండదు. అరనిమిషం వేగంగా ఎక్కడం, గుండె దారికొచ్చేదాకా నెమ్మదిగా నడక, మళ్లీ వేగం. దిగేటప్పుడు మాత్రం ముసలమ్మలాగా పక్కగోడ పట్టుకునే దిగుతాను, మోకాలికి దెబ్బ తగిలేది దిగడంలోనే. స్వామికి ఎంత పెద్ద బిందెతో పానకం పోసినా సగమే తాగి మిగతాది భక్తులకు వదిలేస్తాడని మా నమ్మకం. "కొండెక్కి బెల్లం నీళ్లు తాగితే ఇక ఎక్కిందేముందమ్మా" అని అమ్మాయి. ప్రసాదం కాదనకూడదు కదా! స్వామి వదిలిన సగంలో నాది ఒక్క గుక్క.

ఇక అసలు సంగతి వంటింట్లో ఉంది. నా మూడు రోజుల వ్యాయామం మీద అమ్మాయి లెక్క వేస్తే, సుమారుగా ఒక్కోసారికి 140 కేలరీలు వచ్చింది. వారం మొత్తానికి పంచితే రోజుకు 60. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత చెమటకు 60 కేలరీలేనా! అప్పుడు నూనె లెక్క తీసింది. మా ఇంట్లో నలుగురం. నెలకు లీటరు ప్యాకెట్లు ఐదు. లీటరంటే 910 గ్రాములు, గ్రాముకు 9 కేలరీలు. మనిషికి రోజుకు దాదాపు 38 గ్రాముల నూనె పడుతోంది. మూడు ప్యాకెట్లకు దించితే 23 గ్రాములు. ఏ కసరత్తూ లేకుండానే రోజుకు 135 కేలరీలు మిగులు. నా టీలు రోజుకు నాలుగు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. వాటిని రెండు టీలు, ఒక్కో చెంచా చేస్తే ఇంకో 120. కాగితం మీద చూస్తే నా వ్యాయామం కంటే చెంచా, గరిటె ఎక్కువ పని చేస్తున్నాయి.

కాగితం మీద లెక్క సులువే. మా అత్తయ్యకు చెప్పడం సులువు కాదు. ఆవిడ చేతి గుత్తివంకాయలో నూనె పైకి తేలకపోతే అది కూర కాదు, మందు. కొలత చెంచా తెస్తే "నా వంటింట్లో టైలరింగ్ చేస్తావా" అన్నారు. గొడవెందుకని ఒకటో తారీఖున మూడు ప్యాకెట్లూ ఒకే క్యాన్‌లో పోసి, దాని మీద పేపరు టేపు అంటించి నాలుగు వారాలకు నాలుగు గీతలు గీశాను. వారం గీత దాటితే ఆ వారం బజ్జీలు లేవు. మొదటి నెల 22వ తేదీకే అయిపోయింది. రెండో నెల ఆవిడే గీత చూసుకుంటూ వండారు. ఇప్పుడు గీత కంటే వేలెడు పైనే మిగిల్చి, నాకు చూపించి మరీ గొప్పలు పోతారు.

అన్నం మానలేదు. మానితే సాయంత్రం ఆరింటికి నా చేయి జంతికల డబ్బాలోకి పోతుందని నాకు తెలుసు. మూడుసార్లు పెట్టుకునే అన్నం ఒకసారికి తగ్గించి, బీరకాయో సొరకాయో తోటకూర పప్పో రెట్టింపు పెట్టుకుంటున్నాను. పొద్దున ఇడ్లీ రోజుల్లో పక్కన ఉడికించిన గుడ్డు. పెసరట్టు రోజైతే అదే చాలు, ఉప్మా లోపల పెట్టకపోతే. రాత్రి భోజనం మిషన్ ఆపాక కాకుండా ఎనిమిదికే తినేసి మళ్లీ కూర్చుంటున్నాను. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది.

పది నెలలకు 66 కిలోలు, నడుము ముప్పై నాలుగున్నర. 21 రోజుల్లో తగ్గిస్తామన్న ఎనిమిది కిలోలు తగ్గడానికి నాకు పది నెలలు పట్టింది. మధ్యలో సంక్రాంతి అరిసెలకు రెండు కిలోలు వెనక్కొచ్చాయి, పెళ్లిళ్ల నెలల్లో అసలు కదల్లేదు. బీపీ ఇప్పుడు 130/84, మందు మాత్రం ఆపలేదు. "కోడలు చిక్కిపోయింది, ఏమైనా జబ్బా" అని వీధిలో ఇద్దరు మా అత్తయ్యను అడిగారట. నాకు మాత్రం లోలోపల సంతోషమే!

కొలత గురించి టైలర్‌గా ఒక మాట. జాకెట్టుకు మేం నడుము అని రాసుకునేది రొమ్ము కింద పట్టీ దగ్గర. చీర కుచ్చిళ్లు దోపేది ఇంకా కింద. డాక్టర్లు చెప్పే నడుము ఈ రెండూ కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా నడిమధ్య, ఊపిరి వదిలాక, టేపు ఒంటికి ఆనాలి గానీ బిగించకూడదు. మగవాళ్లు ప్యాంటు సైజు చెప్పి తప్పించుకుంటారు. మా ఆయనది 34 ప్యాంటే, కట్టేది బొజ్జ కింద. టేపు పెడితే 39 వచ్చింది. ఆ రోజు నుంచి ఆయనా కొండకు వస్తున్నారు.

మీకు నా విన్నపం. వ్యాయామం వ్యాసాలకు రోజులు, నిమిషాలు, కిలోలు శీర్షికలో పెట్టకండి. బీపీ, షుగరు, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలన్న మాట వ్యాసం చివర చిన్న అక్షరాల్లో కాకుండా మొదట్లోనే వేయండి. ఆ పక్క పేజీలోనే మీరిచ్చిన డైట్ పట్టికలో కినోవా, అవకాడో, బ్రకోలీ ఉన్నాయి. మా రైతు బజారులో ఆ మూడూ దొరకవు. జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. భారతీయులు ఏమి ఎంత తినాలో 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో గ్రాముల్లో ఉన్న లెక్కను మా వంటింటి లెక్కలోకి, అంటే ఎన్ని గ్లాసుల బియ్యం, ఎన్ని గరిటెల పప్పు, నెలకు ఎన్ని ప్యాకెట్ల నూనె అని మార్చి వారానికొకసారి వేయండి. మా అత్తయ్య కత్తిరించి వంటింటి తలుపుకు అంటిస్తానంటున్నారు.

వచ్చే నెల శ్రావణం. బూరెలు, పులిహోర, గారెలు, పొద్దుపోయేదాకా మిషన్. అది అయ్యాక మళ్లీ టేపు పెట్టుకుంటాను. పెరిగినా తగ్గినా ఎంతో మీకు రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక లేడీస్ టైలర్,
మంగళగిరి