శాసనం ఎవరు వేయించారో తెలుసు, అందులో ఏముందో తెలియదు

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో ఒక అమ్మాయి ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతూ గ్రూప్స్‌కు కూడా తయారవుతోంది. పోయిన వారం పుస్తకాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మాటల్లో పాత ఓడరేవు మోటుపల్లిలోని శాసనం ప్రస్తావన వచ్చింది. వేయించింది కాకతీయ రాజు గణపతిదేవుడని, సంవత్సరం 1244 అని, దాన్నే అభయ శాసనం అంటారని తడుముకోకుండా చెప్పింది. అభయం ఎవరికమ్మా, దేని నుంచి అని అడిగాను. తల వంచుకుంది. తప్పు ఆ పిల్లది కాదు. డిగ్రీ నుంచి లెక్కేస్తే అయిదేళ్లుగా చరిత్ర చదువుతోంది. ఆ శాసన పాఠంలో ఒక్క వాక్యమైనా ఎవరూ ఆమె చేతికి ఇవ్వలేదు.

నా దగ్గరున్న ప్రతి తీసి ఇద్దరం చదివాం. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ధనం ప్రాణం కన్నా మిన్న కాబట్టి, సముద్రం మీద అంత సాహసం చేసి వచ్చినవారి నుంచి తాను నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేదీ తీసుకోనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్ఫయిలో ఒక వంతు. ఆ తర్వాత చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం అంటూ సరుకుల పట్టీ సాగుతుంది. ఆ పట్టీ మీద వేలు పెట్టి అమ్మాయి చాలాసేపు కదలలేదు. తర్వాత, “పూర్వపు రాజులు లాక్కునేవారని ఈ రాజే చెబుతున్నాడు కదా మేడం, ఆ మాట నిజమని మనకెలా తెలుస్తుంది?” అని అడిగింది. చరిత్ర చదువు మొదలయ్యేది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే. ఎం.ఏ. ముగిసే వేళకు కాదు, డిగ్రీ మొదటి నెలలోనే ఆమెకు ఆ ప్రశ్న పుట్టి ఉండాల్సింది.

ఇరవై ఆరేళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర, రాజనీతి శాస్త్రం చెప్పి పోయిన ఏడాది పదవీ విరమణ చేశాను. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు వందల పత్రాల్లో ఒకే పేరా, అవే ఉపశీర్షికలు, గైడులోని అచ్చుతప్పుతో సహా కనిపించేవి. మా పిల్లలకు తెలివి లేక కాదు. పరీక్ష అడిగేది అదే కాబట్టి.

హనుమకొండలో పుట్టి పెరిగిన పిల్లలకు వేయిస్తంభాల గుడి కొత్త కాదు. కాకతీయ రాజు రుద్రదేవుడి 1163 నాటి శాసనం అక్కడే ఉంది. పెళ్లి ఫొటోలకు, శివరాత్రికి అందరం వెళ్తాం, దాని పక్కనుంచే నడుస్తాం. ఒక ఏడాది సాయంత్రం పూట మా తరగతిని అక్కడికి తీసుకెళ్లాను. ఫోను వెలుతురు ఎదురుగా వేస్తే నల్లరాయి తప్ప ఏమీ కనిపించలేదు. పక్కనుంచి వాలుగా వేయించాను. అక్షరాల అంచుల్లో నీడ నిండి, వరుసలు ఒక్కొక్కటిగా పైకి తేలాయి. వెనక నిలబడే ఒక అమ్మాయి ముందుకొచ్చి, “ఇది ‘గ’, ఇది ‘న’” అని రాయికి తగలకుండా గాలిలో వేలితో దిద్దింది. భాష సంస్కృతం, అర్థం నేనే చెప్పాల్సి వచ్చింది. రుద్రదేవుడు ఎవరెవరిని గెలిచాడో అందులో ఉంది. ఓడినవాళ్లు తమ కథ ఎక్కడ చెప్పుకున్నారని ఇంకో అబ్బాయి అడిగాడు.

రాజకీయాల పాఠమూ ఇలాగే సాగాలి. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను విడిగా ఉంచమంది అని ఒక్క వాక్యం రాసి పిల్లలు మార్కులు తెచ్చుకుంటారు. 1955 నాటి ఆ నివేదిక తెరిస్తే ముందు విశాలాంధ్ర, అంటే ఆంధ్ర, తెలంగాణ కలిసిన రాష్ట్రం వల్ల కలిగే లాభాలు కనిపిస్తాయి. ఆ తర్వాత తెలంగాణ వాళ్ల భయాలు. చివరికి, ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చని సిఫారసు. ఆ షరతు చదివాక, రెండు ప్రాంతాలను కలపడానికి నాయకులు రాసుకున్న 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందాన్ని అంత తొందరగా ఎందుకు చేసుకున్నారని పిల్లలే అడుగుతారు. నేను ఉపశీర్షిక పెట్టి చెప్పనక్కర్లేదు.

అదే అధ్యాయంలో తెలంగాణకు ఎక్సైజు (కల్లు, సారా పన్ను) మీద ఏటా 5 కోట్ల రూపాయల వరకు రాబడి ఉందన్న మాట ఉంటుంది. పరకాల వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి ఆ అంకె కింద గీత గీసి, “ఇందులో మా ముత్తాత కట్టిన చెట్టు పన్ను కూడా ఉంటుంది మేడం” అన్నాడు. వాళ్లది కల్లుగీత కుటుంబం. ఆ రోజు తర్వాత ఆ అబ్బాయి ఒక్క తరగతీ మానలేదు.

తెలుగు మాధ్యమం పిల్లలు ఇంగ్లిష్ నివేదికలు ఏం చదువుతారని తోటి అధ్యాపకులు అనేవారు. నిఘంటువు దగ్గర పెట్టుకుంటే ఆ పేరాలకు మాకు పట్టింది రెండు పీరియడ్లు. అయినా పిల్లల మీద ఆ భారం ఎందుకుండాలి? శాసనాలు, ఫర్మానాలు, కమిషన్ నివేదికలు, రాజ్యాంగ సభ చర్చల నుంచి ఏరిన పాఠాలకు సరళమైన తెలుగు అర్థం ఇచ్చి, వ్యాఖ్యానం లేకుండా, పిల్లలు కొనగలిగిన ధరకు విశ్వవిద్యాలయాలు ఒక పుస్తకం వేయాలి. అందులో ఒక పాత ఉర్దూ పహాణీ, అంటే భూమి రికార్డు కూడా ఉండాలి. మన ఊళ్లలో ఇనప్పెట్టెల్లో దాచుకున్న ఆ కాగితం మీది ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుందని చరిత్ర పట్టా ఉన్నవాళ్లకైనా తెలియకపోతే ఎలా?

పుస్తకం ఒక్కటే వస్తే చాలదు. ప్రశ్నపత్రంలో పిల్లలు అంతకు ముందు చూడని ఒక మూలపాఠం ఇచ్చి, ఇది ఎవరు, ఎవరి కోసం, ఎందుకు రాయించారు, ఇందులో చెప్పకుండా వదిలేసింది ఏమిటి అని అడిగే ఒక తప్పనిసరి ప్రశ్న ఉండాలి. నాకు తెలిసినంతలో గైడు జవాబు ఇవ్వలేని ప్రశ్న అదొక్కటే.

హనుమకొండలో 1904 నుంచి రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది. అక్కడో, ఏ కళాశాల గదిలోనో ఆదివారాలు పిల్లలను కూర్చోబెడితే నేను వచ్చి వాళ్లతో కలిసి చదువుతాను. నాకు పారితోషికం అక్కర్లేదు. మోటుపల్లి, ఫజల్ అలీ ప్రతులు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఎవరైనా తోడైతే పహాణీలతో మొదలుపెడదాం.

– ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు, హనుమకొండ