కోట అన్న మాటకు కూడా ఓనరున్నాడా?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో "పేరు కాపీ కొట్టి ఇరుక్కున్న కుర్రాళ్లు" అని పెద్ద అక్షరాలతో వార్త వేశారు. సవరణ వేస్తారేమోనని ఇన్ని రోజులూ చూశాను, వెయ్యలేదు. ఆ కుర్రాళ్లు మా మేడ మీదే అద్దెకుంటారు. ఊళ్లో ఈ గొడవ తెలియనివాళ్లు లేరు కాబట్టి ఒక్క ముక్కలో చెబుతాను: వీళ్లు పేరులో "కోట" అని పెట్టి ఒక వీడియో గేమ్ చేశారు, ఆ మాట మా ట్రేడ్‌మార్క్ (అంటే తమ సరుకుకు గుర్తుగా రిజిస్టర్ చేయించుకున్న పేరు), మీరు వాడకూడదని వేరే నగరంలోని ఒక కంపెనీ నోటీసు పంపింది. మీరు రాయకుండా వదిలేసిన సంగతులు మాత్రం కొన్నున్నాయి.

మొదటిది, నోటీసు అంటే తీర్పు కాదు. ఎవరైనా ఎవరికైనా పంపొచ్చు. ఆ కాగితం నేను చదివాను. నాలుగు పేజీలు, ప్రతి పేరాలోనూ బెదిరింపే. ఏడు రోజుల్లో ఆట స్టోర్లోంచి తీసెయ్యాలట, ఇకముందు "కోట" అన్న మాట ఏ ఆటకూ వాడమని రాసివ్వాలట. విజయనగరంలో పుట్టినవాడు కోట మీద ఆట చేస్తే దానికి కోట అని కాక ఏం పేరు పెడతాడండీ? ఈ కోట 1713లో కట్టారు. రేపు కోట జంక్షన్ బోర్డుకి కూడా నోటీసు అంటిస్తారేమో, మున్సిపాలిటీ వాళ్లు చూసుకోవాలి. ఒక అబ్బాయి తల్లి నోటీసు చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకొచ్చి "ఏటి బావూ, పోలీసులు గానీ వస్తారా?" అని అడిగింది. మీ హెడ్డింగు చూశాక ఆవిడ టెన్షన్ ఇంకా పెరిగింది.

రెండోది, కాపీ అన్నారు కదా, ఏం కాపీ? బొమ్మలు వీళ్లవి, ప్రోగ్రామ్ వీళ్లది, సంగీతం కూడా ఇక్కడి కుర్రాడిదే. అవతలి కంపెనీకి ఉన్నది మూడు మాటల పేరుతో ఒక లోగో రిజిస్ట్రేషన్. అందులో ఒక మాట కోట. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 17వ సెక్షన్ తెరిచి చూడండి. మొత్తం పేరు రిజిస్టరైతే మొత్తం మీదే హక్కు, అందులో నలుగురూ వాడుకునే మాట మీద విడిగా హక్కేమీ రాదని స్పష్టంగా ఉంది. 9వ సెక్షన్లోనైతే సరుకు ఎలాంటిదో చెప్పే మామూలు మాటలు అసలు రిజిస్టరే చెయ్యకూడదని ఉంది, ఏళ్ల తరబడి వాడి అది తమదేనని జనంలో పేరు తెచ్చుకుంటే తప్ప. ఇదంతా ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. మీ విలేకరి ఒక గంట కూర్చుంటే సరిపోయేది.

ఇది మన ఊళ్లోనే మొదలైన తెగులు కూడా కాదు. క్యాండీ క్రష్ సాగా అని ఇంటింటా ఆడిన ఆట ఉంది కదా, ఆ కింగ్ కంపెనీ 2013లో అమెరికాలో "క్యాండీ" అన్న ఒక్క మాటకు ట్రేడ్‌మార్క్ అడిగింది. మిఠాయి అన్న మాటకండీ! 2014 మొదట్లో సంగతి బయటపడింది, పేరులో క్యాండీ ఉన్న చిన్నచిన్న యాప్‌ల వాళ్లకు నోటీసులు వెళ్లాయి. అది చాలదన్నట్టు "సాగా" కూడా మాదేనని ది బ్యానర్ సాగా అనే ఆట ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు అడ్డం పడింది. ఆ ఆటేమో యుద్ధాలూ ప్రయాణాలూ, ఈ ఆటేమో మిఠాయిలు. ఆట తయారీదార్లకు ఒళ్లు మండి క్యాండీ జామ్ అని ఒక నిరసన పెట్టి, కావాలనే ఆ మాటలు ఇరికించి ఆటలు చేసి వదిలారు. ఫిబ్రవరి కల్లా కంపెనీ అమెరికాలో "క్యాండీ" దరఖాస్తు వెనక్కి తీసుకుంది, ఏప్రిల్లో బ్యానర్ సాగా వాళ్లతో రాజీ పడింది. "ఎడ్జ్" అన్న మాట పట్టుకుని టిమ్ లాంగ్‌డెల్ అనే ఆయన ఏళ్ల తరబడి అందరి మీదా పడ్డాడు. 2009లో అదే పేరున్న ఐఫోన్ ఆట స్టోర్లోంచి పోయింది ఆయన వల్లే. చివరికి మిర్రర్స్ ఎడ్జ్ అనే ఆట అమ్మే పెద్ద కంపెనీ జోలికెళితే, 2010లో కాలిఫోర్నియా కోర్టు ఆయన అడిగిన ఆర్డర్ ఇవ్వనంది, ఆ మార్కులూ రద్దయ్యాయి. చూశారా, పెద్దవాళ్లు తగిలేదాకా ఎవరూ అడగలేదు. నో మ్యాన్స్ స్కై అనే ఆట వాళ్లయితే "స్కై" అన్న మాట కోసం ఒక టీవీ కంపెనీతో మూడేళ్లు లాయర్ల చుట్టూ తిరిగి 2016లో బయటపడ్డారు. ఆకాశానికీ ఓనరున్నాడు మరి!

మన దేశంలో కోర్టులు ఈ విషయంలో మంచి మాటే చెప్పాయి. అగరుబత్తుల మీద "రామాయణ్" పేరు ఒకరి సొంతం కాదని 2015లో సుప్రీంకోర్టు అంది. 2018లో కర్ణాటక పాల సమాఖ్య ఒక హోటల్ మీద నందిని పేరు మాదేనంటే, అది దేవత పేరు, ఆవు పేరు, వాళ్లు కనిపెట్టింది కాదని అదే కోర్టు హోటల్ వాళ్ల వైపే తీర్పిచ్చింది. అక్కడిదాకా వెళ్లగలిగితే న్యాయం ఉంది. వెళ్లడమే కష్టం. ఎందుకంటే 134వ సెక్షన్ ప్రకారం దావా వేసేవాడు తను వ్యాపారం చేసే ఊళ్లోనే వేసుకోవచ్చు. అంటే ఆ నగరానికి మన కుర్రాళ్లు వాయిదా వాయిదాకీ రైలెక్కాలి. ఆట మీద వచ్చింది కరెంటు బిల్లుకి చాలదు. ఇంకేం చేస్తారు, పేరు మార్చేసుకుంటారు. అవతలివాడికి కావలసిందీ అదే. గాలి బెదిరింపులు పంపితే తిరిగి కోర్టుకెళ్లొచ్చని 142వ సెక్షన్ ఉంది కానీ దానికీ ఫీజులూ వకీలూ కావాలి కదా.

ఇక మన ఆఫీసర్ల సంగతి. ఈ కుర్రాళ్లే కిందటేడు ఒక ప్రభుత్వ కార్యక్రమంలో స్టేజీ మీద ఉన్నారు. శాలువాలు కప్పారు, సెల్ఫీలు దిగారు, "మీకు ఏ సాయం కావాలన్నా తలుపు తట్టండి" అన్నారు. నోటీసొచ్చాక తలుపు తడితే ఇది మా పరిధి కాదు, చెన్నైలో అడగండన్నారు. ట్రేడ్‌మార్క్‌లు రిజిస్టర్ చేసే రిజిస్ట్రీ ఆఫీసు చెన్నైలో ఉందని మాకూ తెలుసు. కాగితం రాసిపెట్టే మనిషి ఒకరు జిల్లాలో ఉండకూడదా అన్నదే మా ప్రశ్న. ఫ్లెక్సీలకు మాత్రం బడ్జెట్ ఎప్పుడూ ఉంటుంది. వానకు ఆ ఫ్లెక్సీ చిరిగి డ్రైనేజీలో పడితే తీసే దిక్కు లేదు, అది వేరే సంగతి.

అన్నిటికన్నా పెద్ద విడ్డూరం చెబుతాను. నోటీసులో "మా రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ కోట" అని రాశారు. రిజిస్ట్రీ వెబ్‌సైట్లో నేనే వెతికి చూశాను. ఒక్క "కోట"కి ఉన్నది రిజిస్ట్రేషన్ కాదు, ఉత్త దరఖాస్తు. ఈమధ్యనే రిజిస్ట్రీ వాళ్ల జర్నల్లో, అంటే దరఖాస్తులు అందరికీ తెలిసేలా వేసే పత్రికలో, వేశారు. రిజిస్టర్ కానిదాన్ని రిజిస్టరైందని చెప్పడం ఆ చట్టం ప్రకారం తప్పు. మరి మీ వార్తలో ఆ తప్పు గురించి ఒక్క లైనైనా ఉందా? లేదు, ఇరుక్కున్నది మాత్రం మా కుర్రాళ్లట.

జర్నల్లో వచ్చిన నాటినుంచి నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మేం చెప్పబోతున్నాం. ఆన్‌లైన్లో ఫీజు ఒక్కో క్లాసుకి (అంటే సరుకు రకానికి) 2,700 రూపాయలు, అది వీధిలో చందా వేసుకునైనా కడతాం. జిల్లాలో ట్రేడ్‌మార్క్ పని తెలిసిన వకీలు గారెవరైనా ఈ లేఖ చూస్తే ఆ కాగితాలు ఒకసారి సరిచూసి పెట్టమని కోరుతున్నాను. గడువు ఇంకా ఉంది. నా ఫోన్ నంబరు మీ ఆఫీసులో ఇచ్చాను, అడిగినవాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
దాసన్నపేట, విజయనగరం